ఏడవకూడని చావు

బీబోను పిడుగు కొట్టిందన్న కబురు వినగానే ఊరు ఊరంతా సంబరపడింది.

మీనత్ ఆ వేళప్పుడు రొట్టెలకి పిండి కలుపుతోంది. మొగుడు బీబో తెల్లవారకముందే గడ్డి కోతకి కొండెక్కాడు. మధ్యాహ్నానికి ఆకలి ఆకలంటూ దిగొస్తాడు, వచ్చేసరికి జున్ను రొట్టెలు పొయ్యి మీంచి దిగి ఉండాలని ఆమె తొందర. ఆకాశం ఒక్కసారి ఉరిమింది. ఒకే ఒక్క ఉరుము, వెనక చినుకైనా రాల్లేదు. ఆమె బయటికి తొంగిచూసి, గోడ మీద ఆరేసిన ఉన్ని లోపలికి తెచ్చుకుని మళ్ళీ పిండి దగ్గర కూర్చుంది. కాసేపటికి పై చెలకల నుంచి కేకలు వినిపించాయి. పెళ్ళిళ్ళలో వేసే కేకలు. ఎవరింట్లో ఏం శుభం జరిగిందో అనుకుంది.

శుభం ఆమె గడపలోకే వచ్చింది. ఊరిపెద్ద బేసగూర్ ముందు నడుస్తున్నాడు, వెనక మగవాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. ముసలాయన గొర్రెతోలు టోపీ సర్దుకుని, కర్ర నేలకి తాటించి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"అమ్మాయ్! వాత్సిల్లా మీ ఇంటి వంక చూశాడు. నీ పెనిమిటిని తన కొలువుకి పిలుచుకున్నాడు. ఈ లోయ మొత్తం మీద ఇంత అదృష్టం ఎవరికి పట్టిందో చెప్పు?"

మీనత్ చేతులకి పిండి అలాగే ఉంది. పిలుచుకోవడమేమిటో, ఎవర్ని పిలిచారో ఆమె బుర్రకి ఎక్కలేదు. ఎక్కాక నోరు తెరిచింది. తెరిచిన నోటిని ఒక అరచెయ్యి వచ్చి మూసేసింది. ఆ చెయ్యి బేసగూర్ భార్య ఖన్సియత్‌ది.

"నోర్ముయ్! ఒక్క చుక్క రాలిందంటే ఊరు మాడిపోద్ది," అంది ఆమె చెవిలో. తర్వాత జనం వైపు తిరిగి నవ్వుమొహం పెట్టింది. "సంతోషం పట్టలేక వణికిపోతోందర్రా, పాపం!"

మా ఒసేతి కొండల్లో ఇది తెలియని పిల్ల ఉండదు. వాత్సిల్లా ఉరుములకీ మెరుపులకీ పండే పంటకీ సామి. ఆయన నిప్పు బాణం తగిలి పోయినవాడు చచ్చినట్టు కాదు, ఎంపికైనట్టు. వాడి కోసం ఏడ్చారో, నేనిచ్చిన గౌరవాన్ని కాలదన్నారని సామి మండిపడతాడు. కోసిన గడ్డి మీద వడగళ్ళు, ఊళ్ళో కప్పుల మీద నిప్పులు. అందుకని శవం చుట్టూ చేతులు పట్టుకుని ఆడాలి, పాడాలి. ఇంటివాళ్ళు అందరికంటే ముందుండి ఆడాలి. మీనత్ కూడా చిన్నప్పుడు పుట్టిన ఊళ్ళో ఎవరో గొర్రెలకాపరి చుట్టూ అలా ఆడింది. కొత్త గౌను వేశారని ఆ రోజంతా ఎగిరి గంతులేసింది. ఆ కాపరికి పెళ్ళాం ఉందా, తల్లి ఉందా అని ఆమెకి అప్పుడు తోచనే లేదు.

ఖన్సియత్ ఆమె చేతుల పిండి కడిగి, పెళ్ళినాటి ఎర్ర గౌను పెట్టెలోంచి తీసి తొడిగింది. బొటనవేలితో కళ్ళకింద గట్టిగా రుద్ది తడి తుడిచేసింది. ఈ పనిలో ఆమెకి చేయి తిరిగింది. ఏళ్ళ కిందట ఆమె ఒక్కగానొక్క కొడుకు అగుబేని పిడుగు కొట్టినప్పుడు, కాలి చెప్పులు తెగిపోయేదాకా ఆడిన తల్లి ఆమే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. విందుల్లో ఆడవాళ్ళ వరసలో మొదటి కప్పు ఆమెకే అందిస్తారు.

*

బీబోని కొట్టినచోటే చదును చేసి, తెల్ల గుడ్డ పరిచి పడుకోబెట్టారు. మొహం నిద్రపోతున్నట్టే ఉంది. కుడి చెప్పు అడుగు మాత్రం పగిలి, తోలు బయటికి విచ్చుకుంది. పక్కన పొడుగు పిడి కొడవలి పడుంది. దాని అలుగు నీలంగా కమిలింది. దాన్ని తాకడానికి ఎవరికీ ధైర్యం లేదు.

వలయం తిరుగుతోంది. మీనత్ కుడిచెయ్యి ఖన్సియత్ పట్టుకుంది, ఎడమచెయ్యి ఎవరో. కాళ్ళు కదలకపోతే చేతులే ఆమెని ఈడుస్తున్నాయి.

"అడుగెయ్యవే. కాళ్ళకేమన్నా రోగమా?" ఖన్సియత్ నవ్వు చెదరనివ్వకుండా పళ్ళ మధ్య నుంచి అంది.

"అత్తా, ఆ చెప్పు చూడు. నిన్ననే కుట్టుకున్నాడు."

"చెప్పుల సంగతి సామికి వదిలెయ్. నువ్వు పాడు."

మీనత్ పెదవులు కదిపింది. పాట రాలేదు. తిరిగిన ప్రతిసారీ ఆ పగిలిన చెప్పు ఎదురొస్తోంది, తిరిగిన ప్రతిసారీ ఆమెకి దుఃఖం కంటే కోపమే ఎక్కువవుతోంది. చచ్చింది నా మొగుడు. చప్పట్లు కొట్టేది వీళ్ళు. మొక్కజొన్న విత్తేటప్పుడు ఒక్క పూట సాయం రమ్మంటే మొహం తిప్పుకున్నవాళ్ళు కూడా ఇక్కడ గొంతు చించుకుని పాడుతున్నారు.

సాయంత్రం కొట్టంలో మరిది తాసొల్తాన్ బండి ఇరుసుకి కందెన పూస్తున్నాడు. అన్నని ఆ బండి మీదే సాగనంపాలి. తాసొల్తాన్ కింద లోయలో రష్యావాళ్ళ గనిలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవాడు. ఊళ్ళోవాళ్ళు వినని సంగతులు విన్నాడు, విని కడుపులోనే దాచుకున్నాడు. మీనత్ గడ్డి తట్ట దింపి అక్కడే నిలబడింది.

"పాటలో నీ గొంతే పెద్దగా వినిపించింది," అంది.

అతను తలెత్తలేదు. వేలితో కందెన తీసి ఇరుసు చుట్టూ నిదానంగా రాస్తూ అన్నాడు. "గనిలో మందుగుండు కొట్టు మీద ఒక ఇనుప కడ్డీ నిలబెట్టారు వదినా. దానికో తీగ కట్టి భూమిలోకి దింపారు. ఎందుకురా అని అడిగితే ఇంజనీరు చెప్పాడు. మబ్బులో నిప్పుకి నేలలోకి దిగాలని మహా ఆత్రంట. ఏది ఎత్తుగా ఉంటే దాన్ని పట్టుకుని దిగుతుందిట. ఆ కొట్టు మీద నా కళ్ళముందే పడింది. కడ్డీలోంచి నేలలోకి పోయింది. ఒక్క బస్తా మందు కూడా అంటుకోలేదు."

మీనత్ బండి దగ్గరికి జరిగింది.

"అన్న ఆ గట్టు మీద ఒక్కడే నిటారుగా నిలబడ్డాడు. భుజాన అంత పొడుగు కొడవలి."

"అంటే సామి పిలవలేదన్నమాట."

"నేనలా అన్లేదు."

"మరేమన్నావు?"

"కొడవలి అన్నాను. అంతే."

"ఆ మాట రేపు పెద్దలముందు చెప్పు."

తాసొల్తాన్ చెయ్యి ఆగింది. "నేను ఈ ఊళ్ళోనే బతకాలి వదినా."

"ఆయనా ఈ ఊళ్ళోనే బతికాడు," అంది మీనత్. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

*

మర్నాడు ఆటలయ్యాక బీబోని ఊరి చివరికి మోసుకొచ్చి బండెక్కించారు. ఎద్దులు రెండూ అతనివే. పగ్గం ఎవరూ పట్టకూడదు, అదిలించకూడదు. అవి ఎటు పోతే అటు సామి నడిపిస్తున్నట్టు. అవి ఆగినచోటే గొయ్యి తవ్వాలి. అది వాగు మధ్యయినా సరే, తాతలూ తండ్రులూ పడుకున్న శ్మశానానికి ఆమడ దూరమైనా సరే.

ఎద్దులు కాసేపు ఊరి చివర నిలబడి తోకలు ఊపాయి. తర్వాత అలవాటైన దారే పట్టాయి. పై చెలకల దారి, ఈ వేసవంతా గడ్డి మోసిన దారి. జనం పాడుకుంటూ వెనక నడిచారు. గట్టు దాటాక పడమటి వాలులో ఒక పలక రాయి ఉంది. ఎద్దులు సరిగ్గా అక్కడికి వెళ్ళి నిలబడిపోయాయి.

"చూపించాడు! సామి చోటు చూపించాడు!" బేసగూర్ చేతులు పైకెత్తాడు. జనం హోరెత్తిపోయారు.

మీనత్ ఎద్దుల మూతుల వంక చూసింది. రెండూ వంగి, ఆ పలక రాయిని అటూ ఇటూ నాకుతున్నాయి. పని అయ్యాక రోజూ బీబో వాటికి ఉప్పు పోసేది ఆ రాయి మీదే. ఉప్పు కోసం వచ్చాయి. పోసేవాడు వెనక బండిలో పడుకున్నాడని వాటికి తెలీదు.

ఆమె నడుం పట్టీలోంచి ఉన్ని కత్తెర తీసింది. పక్కనున్న ఆడవాళ్ళు ఏమిటా అని చూసేలోపు జడ పట్టుకుని మెడ దగ్గర కత్తిరించేసింది. మామూలు చావయితే అది భార్య హక్కు. జడ కోసి మొగుడి గుండెల మీద పెట్టి మట్టిలోకి పంపుతుంది. ఈ చావుకి అది లేదు. మీనత్ బండెక్కి, జడని అతని చేతుల కింద పెట్టి, వంగి పిలిచింది.

"బీబో!"

పాట తెగిపోయింది. మా ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరు. అత్తింటి ఊరి పెద్దల ముందు మాటే ఎత్తరు. కాపరానికి వచ్చిన నాటి నుంచీ మీనత్ గొంతు బేసగూర్ వినలేదు. ఇప్పుడు విన్నాడు, అందరూ విన్నారు. ఆమె ఆ పేరు పట్టుకుని ఏడ్చింది, మోకాళ్ళు బాదుకుని ఏడ్చింది. జున్ను రొట్టెలు చల్లారిపోయాయయ్యా అని ఏడ్చింది. నిన్ను చంపి నన్నాడమంటున్నారయ్యా అని ఏడ్చింది.

"దింపండి దాన్ని! పైకి వినబడతది!" ఖన్సియత్ అరిచింది. ఆమె మొహం పాలిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు బండెక్కబోయి, కత్తెర ఇంకా మీనత్ చేతిలోనే ఉందని చూసి ఆగిపోయారు.

ఆమె తనంత తానే దిగాక బీబోని తొందర తొందరగా పూడ్చారు. బేసగూర్ కర్ర పట్టుకుని ఆమె ముందుకొచ్చాడు. కోపం కంటే భయమే ఎక్కువ కనబడుతోంది అతని కళ్ళల్లో.

"నీకు పిల్లాజెల్లా లేరు, నీకేం పోయింది? మాకున్నారు. ఇంకా గడ్డి ఇళ్ళకి చేరలేదు. విను, పిల్లా. సామి కోపం ఈ ఊరి మీద దిగిన రోజున నువ్వు పుట్టింటి దారి పడతావు. ఇల్లూ గొడ్లూ నీ మరిదివి."

మీనత్ ముసుగు సరిచేసుకోలేదు. "అలాగే మామా. దిగిన రోజున పోతాను. అప్పటిదాకా ఏడుస్తాను."

*

అన్నమాట ప్రకారం ఏడ్చింది. పొద్దున్నే పాలు పితికి, పాలు తోడుపెట్టి, గడప మీద కూర్చుని గొంతెత్తి ఏడ్చేది. అయ్యాక మొహం కడుక్కుని చెలకకి పోయేది. అన్ని పనుల్లో అదీ ఒక పని చేసుకుంది. మొదట్లో కోపంతో మొదలుపెట్టేది, మధ్యలో ఎక్కడో కోపం కరిగి నిజంగా అతను గుర్తొచ్చేవాడు. కిందపడ్డ బండి చక్రం ఎత్తుతూ అతను చేసే చప్పుడు, రొట్టె విరిచి పెద్దముక్క ఆమె వైపు నెట్టడం. అప్పుడు వచ్చే ఏడుపు వేరు, అది అయ్యాక ఆకలేసేది.

ఊళ్ళో ఆమె పొయ్యి నుంచి నిప్పు అడిగేవాళ్ళు లేరు. ఊటబావి దగ్గర ఆమె వస్తే ఆడవాళ్ళు కడవలు సగంలో ఎత్తుకుని పోయేవారు. మబ్బుతునక కనిపిస్తే చాలు, మగవాళ్ళు ముందు దాన్ని చూసేవారు, తర్వాత ఆమె ఇంటిని చూసేవారు. ఖన్సియత్ అయితే రోజూ పనిగట్టుకుని ఆ సందులోంచే వెళ్ళేది.

"కానీ, కానీ. ఇంకాస్త గట్టిగా. పైవాడికి చెవుడు లేదు."

"నువ్వూ వచ్చి కూర్చో అత్తా, చోటుంది," అనేది మీనత్.

ఆ మాటకి ముసలమ్మ ఉమ్మేసి పోయేది. పోతూ పోతూ ఆకాశం వంక చూసేది. ఆ చూపులో ఉన్నది భయమని మీనత్ అనుకుంది.

ఒక మధ్యాహ్నం మబ్బు రానే వచ్చింది. పడమటి శిఖరం వెనక నుంచి నల్లగా లేచి, చూస్తుండగానే లోయ మీద మూత పెట్టేసింది. చెలకల్లో ఉన్నవాళ్ళు చేతికందింది వదిలేసి కిందికి పరుగెత్తారు. మీనత్ ఒక్కతే వాలులో మిగిలిపోయింది. ఆమె గడ్డి ఇంకా వామి వెయ్యలేదు, సగం కోత మిగిలే ఉంది. కోసింది కోసినట్టు తడిస్తే చలికాలం ఎద్దులకేం పెట్టాలి? ఆమె కొడవలి భుజానికెత్తుకుని, ఆరేసిన గడ్డి కుప్ప చెయ్యడానికి గట్టు మీదికి నడిచింది.

ఊళ్ళో కప్పులన్నీ మట్టి వేసిన చదును కప్పులు. వాటి మీదికెక్కి జనం ఆమెనే చూస్తున్నారు. ఎవరూ పిలవడంలేదు. ఆకాశం కడుపులో ఏదో దొర్లినట్టు ఉరిమింది.

"వదినా!"

తాసొల్తాన్ కింద దారిలో పడుతూ లేస్తూ వస్తున్నాడు. ఊరంతా వింటోందన్న ధ్యాస కూడా లేదతనికి. "కొడవలి పారెయ్! దూరంగా పారెయ్! గట్టు దిగు! పల్లంలో గొంతుక్కూర్చో వదినా! అన్న పోయింది అలాగే!"

మీనత్ ఆగింది. సామికి లొంగనన్న పంతం ఉంది, నిలబడదామనే ఉంది ఒక క్షణం. కానీ చచ్చి వాళ్ళకి ఇంకో విందు పెట్టడమా? కొడవలి విసిరేసింది. గట్టు దిగి, పల్లంలో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. కూర్చుని, మెరుపులకేసి చూస్తూ గొంతెత్తి ఏడ్చింది. పొద్దుట ఏడ్చినదానికంటే పెద్దగా ఏడ్చింది. వాన చెంపల మీద కొట్టింది. దాన్ని తుడుచుకోలేదు.

కళ్ళు పోయే వెలుగొకటి, వెంటనే భూమి అదిరిన చప్పుడు. పిడుగు వాగుకి అవతల నిలువు కొండ నెత్తిన పడింది. గడ్డి లేదు, మేక లేదు, నరమానవుడు లేడు అక్కడ. నాలుగు రాళ్ళు దొర్లి వాగులో పడ్డాయి. తర్వాత వాన వెలిసింది. వడగళ్ళు లేవు. కోసిన గడ్డి పైపైన తడిసిందంతే.

తడి గౌనుతో ఆమె ఊళ్ళోకి దిగేసరికి, పెద్దలు కూర్చునే అరుగు దగ్గర మగవాళ్ళు గుంపుగా ఉన్నారు.

"చెప్పానా, కోపమొచ్చింది. పడిందా లేదా?" ఎవరో అంటున్నారు.

"పడింది బాబాయ్," తాసొల్తాన్ గొంతు అది. ఒళ్ళంతా బురదతో ఉన్నాడు. "ఆ కొండ ఎవరి కోసం ఏడ్చిందో మరి?"

ఒక కుర్రాడు ఫక్కున నవ్వాడు. ఇంకొకడు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. బేసగూర్ కర్ర ఎత్తి, ఎవరి మీద దించాలో తెలియక మళ్ళీ నేలకి ఆనించాడు. పుట్టింటి దారి సంగతి ఆ సాయంత్రం ఎవరూ ఎత్తలేదు.

*

మర్నాడు పొద్దున మీనత్ పాలు తోడుపెట్టి గడప దగ్గరికి వచ్చేసరికి ఖన్సియత్ వాకిట్లో నిలబడి ఉంది. జుట్టు దువ్వుకోలేదు. చెప్పుల్లేవు.

"పడలేదు," అంది.

"ఏమిటత్తా?"

"ఇన్ని రోజులు ఏడ్చావు. పేరు పెట్టి ఏడ్చావు. నిన్న ఆయన నీ నెత్తి మీదే కూర్చుంటే ఆయన కళ్ళలో కళ్ళు పెట్టి ఏడ్చావు. నేను మిద్దె మీద నిలబడి చూశాను. పడలేదు."

"అవును. పడలేదు."

ముసలమ్మ గబగబా వచ్చి మీనత్ భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఎందుకు పడలేదే? పడాలి! నీ మీద కాకపోతే నీ గడ్డి మీదన్నా పడాలి! రోజూ వచ్చి చూశాను, ఇవాళ పడుద్ది, రేపు పడుద్దని. నీ మీద కోపమొచ్చి కాదే. నువ్వెవతెవి నాకు? పడకపోతే..." ఊపే చేతులు ఆగిపోయాయి. "పడకపోతే నేను ఊరికే ఆడినట్టే గదే."

మీనత్ ఆ చేతులు విడిపించుకోలేదు.

"ఊరు మాడిపోద్దన్నారు. మా ఆయనే అన్నాడు. నా పక్కనే నిలబడి అన్నాడు. ఊరి కోసం ఏడుపు మింగాను. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు, మొహాన నూనూగు మీసం. వాడి చుట్టూ గెంతాను నేను. శభాష్ అన్నారు, కప్పులు అందించారు, తాగాను." ఆమె చూపు మీనత్ మొహం మీదే ఉంది. "ఏడవచ్చన్నమాట. అప్పుడే ఏడవచ్చన్నమాట."

మీనత్‌కి రోజూ సందులోంచి పోతూ ఉమ్మేసిన ఈ మనిషిని ఇన్నాళ్ళూ ఎంత అసహ్యించుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని గడప మీద కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుంది.

"ఏడువు అత్తా. ఇప్పుడేడువు."

ఖన్సియత్ కళ్ళు గట్టిగా మూసుకుంది, నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. తన బొటనవేలితో తన కళ్ళకిందే అటూ ఇటూ రుద్దుకుంది. "రావట్లేదే. ఎలా ఏడవాలో మర్చిపోయాను."

"పేరు చెప్పు. పేరుతో మొదలుపెట్టు."

"అగుబే," అంది ఖన్సియత్, ఎవరో అడిగితే చెప్పినట్టు. తర్వాత మళ్ళీ అంది. మూడోసారి అనేసరికి గొంతు విరిగింది. ఆ గొంతులోంచి వచ్చింది ఏడుపులా లేదు, ఇరుసు పొడిబారిన బండి చప్పుడులా ఉంది. మీనత్ ఆమె వీపు మీద చెయ్యేసి ఉంచింది. తనూ ఏడ్చింది. ఆ పూట బీబో కోసం కాదు.

సందులో తలుపులు తెరుచుకున్నాయి. ఊటబావికి పోతున్న ఆడవాళ్ళు కడవలతో అక్కడే నిలిచిపోయారు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. అటువైపు నుంచి బేసగూర్ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"మళ్ళీ మొదలెట్టిందా ఆ పిల్ల? ఇవాళ దాని..." అంటూ వాకిట్లోకి అడుగుపెట్టి, ఏడుస్తున్నది ఎవరో చూసి ఆగిపోయాడు.

"లే," అన్నాడు. "ఇంటికి పద. జనం చూస్తున్నారు."

ఖన్సియత్ తలెత్తలేదు.

"చూడనీ. పిడుగు పడాలంటే నా నెత్తినే పడనీ. నువ్వు మళ్ళీ ఆడుదువుగానిలే."

బేసగూర్ తిరిగి వెళ్తూ, సందులో వాళ్ళకి కనబడకుండా వాకిలి తలుపు దగ్గరికి లాగబోయాడు. సగం లాగి, అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.